వీణ చెవితో గిటారు

నేర్చుకునేవాడికి ఏ వాయిద్యమైతేనేం, చెయ్యి తిరిగాక మంచిది కొనుక్కోవచ్చు అని మన ఇళ్ళలో అంటూ ఉంటారు. ముప్ఫయ్యేళ్ళుగా బరంపురంలో ఇంటి దగ్గర పిల్లలకి వీణ చెబుతున్నదాన్ని కనక, ఈ మాట సగమే నిజమని ధైర్యంగా చెప్పగలను. చెయ్యి తిరిగినవారు పాడు వీణ మీద కూడా ఎలాగో నెట్టుకొస్తారు. కొత్తగా కూర్చున్న పిల్లకి అది చేతకాదు. మైనం మెత్తబడి మెట్టు నూలువాసి పక్కకి జరిగితే స్వరం తప్పు పలుకుతుంది. ఆ తప్పు వీణదని పిల్లకి తెలియదు, తన వేలిదే అనుకుంటుంది. అలా నాలుగు నెలలు అనుకుని అనుకుని మానేస్తుంది. మేళం చెడిన వీణలతో వచ్చి, తమకి సంగీతం రాదని నమ్మి వెళ్ళిపోయిన పిల్లల్ని నేను చూశాను.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం మా మేనల్లుడు. ప్లస్ టూ చదువుతూ, చిన్నపిల్లలకి లెక్కలు చెప్పి 15,000 రూపాయలు కూడబెట్టాడు. దానితో ఎలక్ట్రిక్ గిటారు కొంటానన్నాడు. మా తమ్ముడు ఒప్పుకోలేదు. "ఇంట్లో బొబ్బిలి వీణ ఉండగా ఈ రొద ఏమిటి? పైగా ఆ ధరకి వచ్చేది ఆటబొమ్మే" అన్నాడు. తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయి. భోజనాల దగ్గర కూడా ఒకరు లేచాక ఒకరు కూర్చునేవారు. చివరికి తమ్ముడు తీర్పు నా మీద పెట్టాడు. "అక్కా, నువ్వు చూసి బాగుందంటే కొననీ. బాగాలేదంటే మాత్రం ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు" అన్నాడు. మేనల్లుడు నన్ను పక్కకి పిలిచి, "అత్తా, వినకుండా మాత్రం కాదనకు" అన్నాడు. ఆ కోరిక న్యాయమైనదే. అందుకని వెళ్ళేముందు నేను కొంత చదివి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాను.

మా వీణ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించింది. పనస దుంగని తొలిచి కుండా దండీ ఒకే ముక్కగా చేసిన ఏకాండి వీణ. అందులో నాదాన్ని పెంచేది ఆ కుండే. ఎలక్ట్రిక్ గిటారుకి కుండ ఉండదు, ఒళ్ళంతా గట్టి చెక్క. తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అందులో చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగ కొన్ని వేల చుట్లు. ఉక్కుతీగ అదిరినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, ఆ చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. దాన్నే యాంప్లిఫైయరు పెంచి వినిపిస్తుంది. అంటే పికప్ చెప్పేది తీగ కదలికనే. తీగ సరిగ్గా అదరకపోతే ఏ స్పీకరూ దాన్ని బాగుచెయ్యలేదు. ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక ఏం చూడాలో నాకు తేలిపోయింది.

విశాఖలో మా పిన్నిగారింట్లో దిగి, ముగ్గురం ఒక దుకాణానికి వెళ్ళాం. కొట్టబ్బాయి మా ధరకి తగ్గవి రెండు చూపించాడు. ఒకటి నీలం రంగులో నిగనిగలాడుతోంది, రెండోది సాదా నలుపు. రెండూ 1954లో ఫెండర్ కంపెనీ తెచ్చిన స్ట్రాటోకాస్టర్ రూపంలో చేసినవే. చవక గిటార్లలో ఎక్కువ భాగం ఆ అచ్చువే. మెడని వేరుగా చేసి, 4 మరలతో ఒంటికి బిగించడం అందులోని పద్ధతి. అబ్బాయి వెంటనే యాంప్లిఫైయరు తగిలించబోయాడు. "ముందు వట్టిదే విందాం నాయనా" అని ఆపాను. యాంప్లిఫైయరులో మెరుగులు పెట్టే మీటలు ఉంటాయి, వాటి చాటున లోపాలు దాక్కుంటాయి.

మొదట మెడ చూశాను. ఒక తీగని మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర కలిపి నొక్కితే, మధ్యలో ఏడెనిమిది మెట్ల దగ్గర తీగకీ మెట్టుకీ విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. ఎక్కువుంటే మెడ వంగిందన్నమాట, అసలు లేకపోతే వెనక్కి విరుచుకుందన్నమాట. లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, దాన్ని తిప్పి కొంతవరకు సరిచెయ్యవచ్చు. మెలితిరిగిన మెడకి మాత్రం వైద్యం లేనట్టే. తర్వాత మెడ అంచున వేలు పెట్టి కిందికి నిమిరాను. చెక్క ఆరి కుంచించుకుపోతే మెట్ల కొనలు బయటికి పొడుచుకొస్తాయి. నీలం గిటారు నా వేలిని రెండుచోట్ల గీరింది.

ఆపైన ఒక్కొక్క తీగ మీద ఒక్కొక్క మెట్టూ మీటి విన్నాను. 6 తీగలు, 21 మెట్లు, అంటే 126 స్వరాలు. కొట్టబ్బాయి విసుక్కున్నాడు గాని, వీణకి మేళం కట్టేవారు 24 మెట్లకీ ఇంతకన్నా ఓపిక పడతారు. నీలం గిటారులో మూడో తీగ మీద 14వ మెట్టు దగ్గర స్వరం జీరగా వచ్చి చప్పున ఆగిపోయింది. సన్న తీగని అదే చోట గమకానికి లాగినట్టు పక్కకి లాగితే పూర్తిగా మూగబోయింది. పక్క మెట్టు ఎత్తుగా ఉండి తీగకి తగులుతోంది. నలుపుదానిలో అన్ని స్వరాలూ ఇంచుమించు ఒకే సేపు నిలిచాయి.

పన్నెండో మెట్టు తీగకి సరిగ్గా నడిమి చోటు. అక్కడ వేలు తాకీతాకనట్టు ఆనించి మీటితే తారషడ్జమం పలుకుతుంది. అక్కడే నొక్కి మీటినా అదే స్వరం రావాలి. నలుపుదానిలో రెండు తీగల మీద నొక్కిన స్వరం పిసరు ఎక్కువ పలికింది. మేనల్లుడి ముఖం మాడిపోయింది. కానీ అది తీగ పొడవుకి సంబంధించిన లోపం. బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే చిన్న దిమ్మని మరతో కాస్త వెనక్కి జరిపితే సరిపోతుంది. కొట్టబ్బాయి అప్పటికప్పుడే సరిచేశాడు.

ఒక సంగతి మాత్రం నా చెవికి మొదట గుచ్చుకుంది. గిటారులో అంతర గాంధారం కొంచెం ఎక్కువగా వినిపిస్తుంది. అక్కడున్న ఖరీదైన గిటారు తీసి చూసినా అంతే. ఏ శ్రుతిలోనైనా వాయించుకునేందుకు వీలుగా స్థాయిని 12 సమాన భాగాలు చేసి మెట్లు బిగిస్తారు. మన వీణ మెట్లు చెవితో విని మైనంలో నిలిపేవి. అంచేత ఆ తేడా గిటారు జాతి స్వభావం, ఆ గిటారు లోపం కాదు. స్వభావాన్ని లోపమని తీసిపారెయ్యడం తీర్పు చెప్పేవారికి తగదు.

చివరికి యాంప్లిఫైయరు తగిలించాం. సన్నగా ఒక ఘోష వచ్చింది. తమ్ముడు "చూశావా!" అన్నాడు. ఒకే చుట్ట ఉండే పికప్పులకి ఇంటి కరెంటు ఘోష అంటుకోవడం మామూలే. రెండు చుట్టలు ఎదురెదురుగా కలిపిన హంబకర్ అనేదానిలో అది చాలావరకు తగ్గుతుంది. తీగల మీద చెయ్యి వేయగానే మా గిటారులో ఘోష తగ్గింది కనక లోపలి తీగెల అతుకు సరిగ్గానే ఉన్నట్టు. మీటలు తిప్పితే చిటపటలు లేవు, ప్లగ్గు కదిపినా చప్పుడు తెగలేదు. పికప్పులు, కీలు, తీగలు డబ్బున్నప్పుడు మార్చుకోవచ్చు. మెడా మెట్లూ అలా కాదు, అవి పాడైతే గిటారు ధరకి దీటుగా ఖర్చవుతుంది. అందుకే నా మార్కులన్నీ వాటికే వేశాను.

"నలుపుది బాగుంది" అన్నాను. తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మన సంగీతం దీనిమీద పలుకుతుందా?" అని అడిగాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ గారి పేరు గుర్తు చేశాను. మామూలు మాండలిన్‌లో స్వరం పుట్టగానే ఆరిపోతుంది, గమకానికి వ్యవధి చాలదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగల బదులు ఒంటి తీగలు వేసి, అయిదో తీగ చేర్చి, 2014లో కన్నుమూసేదాకా కర్ణాటక సంగీతమే వాయించారు. నేటి వీణ కచేరీల్లో కూడా వీణకి మైకు అంటించడం మామూలైంది. తమ్ముడు "సరే, చిన్నవాడి డబ్బు, చిన్నవాడి ఇష్టం" అన్నాడు. దుకాణం మెట్లు దిగుతూ యాంప్లిఫైయరు పెట్టె తనే మోశాడు. చిన్న యాంప్లిఫైయరుతో సహా కుర్రాడు తెచ్చుకున్న డబ్బులోనే సరిపోయింది.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికి గిటారుతో వస్తున్నాడు. సరళీ వరసలయ్యాయి, మాయామాళవగౌళలో రిషభానికి తీగ ఎంత లాగాలన్న దాని మీద మా ఇద్దరికీ రోజూ తగువే. తక్కిన వారమంతా వాడికి నచ్చిన పాటలు వాయించుకుంటాడు, అవి నాకు సగం అర్థం కావు. స్వరం తప్పినప్పుడు మాత్రం తప్పు ఎక్కడుందో వాడికి తెలుస్తోంది, ఎందుకంటే వాయిద్యం అబద్ధం చెప్పడం లేదు.

మీ ఇంట్లో పిల్లలెవరైనా ఇలాంటిది అడిగితే, రంగూ పేరూ చూసి కొనకండి, ధర చూసి కొట్టెయ్యకండి. ఇంట్లో వీణో వయొలినో హార్మోనియమో తెలిసిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే వారిని దుకాణానికి వెంటబెట్టుకెళ్ళండి. గిటారు పట్టుకోవడం రాకపోయినా ఫరవాలేదు, శ్రుతి తెలిస్తే చాలు. ఒక గంట సమయం ఉంచుకోండి. కొట్టబ్బాయి విసుక్కుంటే విసుక్కోనివ్వండి.