మొగులు చూస్తూనే విత్తనం

"ఇక్కడ ఏదీ మారదు మామా. ఎవరొచ్చినా ఇంతే. ఇన్నేళ్లు చదివి ఏం లాభం?"

మా మేనల్లుడు ఈ మాటన్నప్పుడు టీవీలో ఏదో చర్చ నడుస్తోంది. నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరుచుకుంటున్నారు. వాడు సివిల్ ఇంజినీరింగ్ చదివాడు. మూడేళ్లుగా సర్కారు కొలువు కోసం ప్రయత్నం. ఒకే పరీక్ష రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ రద్దయింది. చివరికి పుస్తకాలన్నీ మూటగట్టి అటక ఎక్కించాడు. మా అక్క ఫోన్లో ఒకటే ఏడుపు.

నాకు ఉపన్యాసాలు చెప్పడం రాదు. "నాలుగు రోజులు నాతో తిరుగుదువు రా అల్లుడా" అన్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... మూడూ ఒకప్పటి వరంగల్ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. గత ఎనభై ఏళ్లలో ఈ నేల చూడని రాజకీయ అలజడి లేదు. రజాకార్లను చూసింది, తుపాకులను చూసింది, బందులూ సమ్మెలూ చూసింది. మరి ఇక్కడి వాళ్లు రేపటి మీద ఆశను ఎలా నిలుపుకున్నారు? అదే చూద్దామని బయల్దేరాం.

నాలుగెకరాల పంట

హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డులో సుమారు 85 కిలోమీటర్లు వెళితే జనగామ. దానికి కాస్త ముందే ఇత్తడి రేకు పనికి పేరున్న పెంబర్తి తగులుతుంది. సుత్తి చప్పుళ్లు వింటూ కాసేపు ఆగి, టీ తాగి ముందుకు సాగాం.

జనగామ జిల్లా కావడం వెనకా ఒక కథ ఉంది. 2016 ఆగస్టులో కొత్త జిల్లాల ముసాయిదా వచ్చినప్పుడు అందులో జనగామ పేరు లేదు. జనం రోడ్డెక్కారు. దీక్షలు, బందులు జరిగాయి. తుది జాబితాలో పేరు చేరింది. "చూశావా, అడిగితే వచ్చింది" అన్నాను. మావాడు పెదవి విరిచాడు. "జిల్లా వచ్చింది సరే, నౌకరి రాలే కద మామా!"

దానికి నా దగ్గర జవాబు లేదు. కారు కడవెండి వైపు తిప్పాను.

కడవెండి చిన్న ఊరు. 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యాలకు ఎదురు నిలిచి ఊరేగింపుగా కదిలిన జనంపైకి తుపాకులు పేలింది ఇక్కడే. దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో తొలి అమరుడిగా ఆయన్ని చెప్పుకుంటాం. స్తూపం ముందు నిలబడితే మా ఇద్దరికీ మాట రాలేదు. చుట్టూ పొలాలు, దూరంగా మేకల మంద. ఆ రోజున ఆ ఊరేగింపులో నడిచినవాళ్లకు నిజాం పాలన ఇంకో రెండేళ్లకు ముగిసిపోతుందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తెలియకుండానే నడిచారు.

అక్కడి నుంచి పాలకుర్తి. పాల్కురికి సోమనాథుడి ఊరు. పక్కనే ఉన్న బమ్మెర పోతనదంటారు. రాజుకు కావ్యం అంకితమివ్వనని నాగలి పట్టాడని ఈ చుట్టుపక్కల ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. అదే పాలకుర్తిలో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని సాగు చేసింది చాకలి ఐలమ్మ. చేతికొచ్చిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు కాజేయడానికి వస్తే ఆమె తలవంచలేదు. సంఘం వాళ్లు అండగా నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఆ తర్వాతా కష్టాలు ఆమెను వదల్లేదు, ఆమె మాత్రం భూమిని వదల్లేదు. 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. ఇప్పుడు హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. బట్టలుతికి, పొలం దున్ని బతికిన మనిషి పేరు మీద ఆడపిల్లలు డిగ్రీ పట్టాలు అందుకుంటున్నారు!

సోమేశ్వరాలయం మెట్ల దగ్గర కొబ్బరికాయలమ్మే ఒక పెద్దావిడ మావాణ్ని చూసి "ఏం బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్?" అంది. సంగతి చెప్పాను. ఆమె నవ్వింది.

"మొగులు దిక్కు చూసుడు మాకెన్నడు తప్పింది బిడ్డా? మొగులు మంచిగ లేదని ఇత్తనం ఏసుడు బంద్ వెడ్తమా? ఏసినంక పండుతదో ఎండుతదో... ఎయ్యకుంటె మాత్రం గడ్డే మొలుస్తది."

మావాడు ఏమీ అనలేదు. కానీ ఆమె దగ్గర రెండు కాయలు ఎక్కువ కొన్నాడు.

అదే కంకర

మహబూబాబాద్‌ను ఇక్కడివాళ్లు మానుకోట అనే అంటారు. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో ఉంటుంది. మిర్చి రోజుల్లో వస్తే మార్కెట్లో ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. జిల్లాలో తండాలు ఎక్కువ. సంత రోజున లంబాడా ఆడవాళ్ల అద్దాల రవికలు ఎండకు తళతళలాడుతుంటే చూసి తీరాలి.

మానుకోట స్టేషన్ పేరు 2010 మే 28న దేశమంతా వినపడింది. అప్పుడు తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. 2009 డిసెంబరు 9న రాష్ట్ర ప్రకటన రావడం, రెండు వారాలకే 23న కేంద్రం వెనక్కి తగ్గడం జనాన్ని రగిలించాయి. అలాంటి వేళ జగన్‌మోహన్‌రెడ్డి ఓదార్పు యాత్ర ఈ ప్రాంతానికి బయల్దేరింది. ఆయన్ని పోలీసులు దారిలోనే వంగపల్లి దగ్గర ఆపి వెనక్కి పంపారు. ఇక్కడ స్టేషన్లో మాత్రం రాళ్లు లేచాయి, తుపాకులు పేలాయి. మనుషులు గాయపడ్డారు. ఆ రాళ్లు పట్టాల మధ్య కంకరే.

ప్లాట్‌ఫాం మీద నిలబడి ఇదంతా చెబుతుంటే మావాడు "కోపమే మిగిలింది, ఆశ ఎక్కడ మామా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అలజడిలో ముందు కనపడేది కోపమే. జవాబు కేసముద్రం దగ్గర దొరికింది.

2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య ప్రధాన దారి తెగిపోయింది. నాలుగోరోజుకల్లా మళ్లీ రైలు నడిచింది! అప్పుడు అక్కడ పనిచేశానన్న ఒక గ్యాంగ్‌మన్ టీ కొట్టు దగ్గర కలిశాడు.

"పోసిన కంకర పోసినట్టే కిందికి పోతుండె సార్. ఇగ కాదనిపించింది. కానీ పక్కోడు పారతోని పోస్తుంటే మనం ఊకుంటమా? మేమూ పోసినం. తెల్లారేసరికి ఆగింది."

ఒకరోజు కోపంతో చేతుల్లోకి లేచింది కంకరే. ఇంకోరోజు వేలమంది ప్రయాణికుల కోసం వానలో తడుస్తూ పేర్చిందీ ఆ కంకరే. మావాడు వంగి ఒక రాయి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

మర్నాడు బయ్యారం చెరువు చూశాం. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలమ తవ్వించిన చెరువిది. ధర్మకీర్తి సముద్రమని పేరు. ఆమె వేయించిన శాసనం వల్లనే కాకతీయుల వంశవృక్షం మనకు చాలావరకు తెలిసింది. అదే బయ్యారంలో ఇనుప ఖనిజం ఉంది. 2014 విభజన చట్టంలో ఉక్కు కర్మాగారానికి వీలుందో లేదో ఆరు నెలల్లో చూస్తామన్నారు. కర్మాగారం ఇంతవరకు రాలేదు. ఒకే ఊళ్లో రెండూ ఉన్నాయి. నెరవేరని మాట ఒకటి, ఎనిమిది వందల ఏళ్ల నాటి చెరువు ఒకటి. 1323లో ఓరుగల్లు కోట కూలింది. ఆ తర్వాత ఎన్ని రాజ్యాలు మారాయో! కట్ట తెగిన ప్రతిసారీ ఎవరో ఒకరు తట్టెడు మట్టి మోసి ఉంటారు. లేకపోతే చెరువు మిగలదు కదా.

కిరాణా కొట్టు ఖాతా

వరంగల్ మీదుగా భూపాలపల్లి బయల్దేరితే దారిలో ఆత్మకూరు. ఆ మండలంలోని అక్కంపేటలో 1934 ఆగస్టు 6న పుట్టారు ప్రొఫెసర్ జయశంకర్. 1952లో ముల్కీ ఉద్యమంలో విద్యార్థిగా కదిలారు. 1969లోనూ ఉన్నారు. చివరి ఊపిరి దాకా ప్రత్యేక రాష్ట్రం గురించి రాస్తూ, చెబుతూనే ఉన్నారు. 2011 జూన్ 21న కన్నుమూశారు. రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. ఆరు దశాబ్దాల ఎదురుచూపు... మూడేళ్ల తేడాలో చూడకుండానే వెళ్లిపోయారు. భూపాలపల్లి జిల్లా ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది.

"మరి ఆయనకేం దక్కింది?" అన్నాడు మావాడు. గొంతులో ముందున్న ఎకసెక్కం లేదు.

భూపాలపల్లి బొగ్గు ఊరు. ఒకవైపు సింగరేణి గనులు. ఇంకోవైపు చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులూ పని ఆపారు. బొగ్గు ఆగితే కరెంటు ఆగింది, రాష్ట్రమంతా చీకటి రుచి చూసింది. అప్పటి సంగతులు ఒక రిటైరైన కార్మికుడు చెప్పాడు.

"దసరా పండుగ గప్పుడే వచ్చింది. చేతుల పైస లేదు. కిరాణా కొట్టాయన ఖాతా బుక్కు తీసి, 'ఇయ్యాల కాకుంటె రేపిస్తవ్, సామాను తీస్కపో' అన్నడు. గాయన కూడ ఉన్నోడేం కాదు."

రోడ్డు మీద వంటావార్పు, బతుకమ్మ ఆట... ఇవన్నీ ఫొటోల్లో చూశాం. ఆ ఖాతా పుస్తకం ఏ ఫొటోలోనూ లేదు. కానీ సమ్మె నిలబడింది దాని మీదే అనిపించింది. రేపు ఉంటుందని, ఎదుటివాడు ఆ రేపటికి ఉంటాడని ఒక మనిషి పెట్టిన లెక్క అది.

గణపురంలో కాకతీయుల నాటి కోటగుళ్లు చూసుకుని, కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం చేరాం. ఒకే పానవట్టంపై రెండు శివలింగాలున్న ముక్తేశ్వరాలయం, గోదావరి ప్రాణహిత సంగమం... సాయంత్రం పూట ఇసుక మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు. కానీ మావాడికి మేడిగడ్డ చూడాలనుంది. 2019 జూన్‌లో ఎంతో ఆర్భాటంగా ప్రారంభమైన ఆనకట్ట అది. 2023 అక్టోబరు 21న కొన్ని పిల్లర్లు కుంగాయి. ఆ తర్వాత తప్పెవరిదన్న వాదనకు అంతులేకుండా పోయింది. దగ్గరికి వెళ్లకుండా దూరం నుంచే చూశాం.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"కూలిందని తిట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు మామా. ఎట్ల కుంగిందో తెల్సుకొని బాగుచేసేటోళ్లు గూడ కావాలె కద."

నేను అవునన్నాను, అంతే. ఇంకేమైనా అంటే మళ్లీ ఉపన్యాసమవుతుందని భయం.

తిరుగు ప్రయాణంలో వరంగల్ దాటాక మా అక్కకు వాడే ఫోన్ చేశాడు. "అమ్మా, అటక మీది మూట దించి పెట్టు. పురుగులు పడ్తయి" అన్నాడు. పరీక్ష ఎప్పుడుంటుందో తెలియదు. ఉన్నా సజావుగా జరుగుతుందో లేదో తెలియదు. కిటికీలోంచి చూస్తే జనగామ మీద మబ్బు పట్టి ఉంది. పొలంలో ఒకాయన నాగలి కడుతున్నాడు.