అడుగు చెక్క

సూరత్‌లోని లింబాయత్‌లో మన తెలంగాణ నేత కుటుంబాలు ఏళ్ల తరబడి ఉంటున్నాయి. పవర్‌లూమ్ మీదే బతుకు. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోందంటే మనవాళ్లు ఎందరున్నారో మీరే ఊహించుకోవచ్చు. ఆ బస్తీ పిల్లలతో మేము సాయంత్రాలు పనిచేస్తుంటాం. మొన్న వేసవిలో పాత సామాన్ల దుకాణం నుంచి నాణెం వేసి ఆడే వీడియోగేమ్ యంత్రం ఒకటి మా దగ్గరికొచ్చింది. 1978లో జపాన్‌లో పుట్టిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ లాంటి ఆటలకు వాడిన రకం, నిలువెత్తు చెక్కపెట్టె. తెర వెలగదు. పెట్టెనైనా బాగుచేసి పుస్తకాల అర చేద్దామన్నారు పిల్లలు.

మేము పెట్టిన షరతు ఒకటే. లోపలి పిక్చర్ ట్యూబును తెలిసిన మెకానిక్ తీసేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ప్లగ్గు పీకినా అందులో ప్రమాదకరమైన కరెంటు నిలవ ఉండొచ్చు.

పైరంగు బాగానే ఉంది. వాల్చి చూస్తే అడుగు ప్లైవుడ్ పొరలు పొరలుగా విచ్చుకుంది. 2006 ఆగస్టులో తాపీ పొంగి నగరంలో చాలా భాగం మునిగినప్పుడు బీరువాలూ మంచాలూ ఇలాగే కాళ్ల దగ్గర పాడయ్యాయి. లప్పం పూసి రంగేస్తే కొన్నాళ్లు కనబడదు, ఆ తర్వాత ఊడుతుంది. అందుకే గట్టి చెక్క తగిలేదాకా కుళ్లిందంతా కోసేశాం. అదే మందం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ముక్కను జిగురుతో అతికించి, క్లాంపులు బిగించి రాత్రంతా వదిలేశాం. లప్పం చిన్న గుంటలకే. ముక్కుకు గుడ్డ కట్టుకుని 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 120, 220 దాకా రుద్దాం. తర్వాత ప్రైమరు, ఆపైన రెండు పూతల ఎనామెల్. నేల తడి తగలకుండా కింద రబ్బరు బుడిపెలు.

అతుకుల విద్య సూరత్‌కు కొత్త కాదు. ఇక్కడి ‘సాడేలి’ పనివాళ్లు సన్నని పుల్లలను కట్టగా అతికించి, అడ్డంగా పలచగా కోసి, ఆ బిళ్లలను పెట్టెల మీద పొదుగుతారు.

అందరికంటే చెయ్యి బాగా కుదిరింది పద్దెనిమిదేళ్ల ఒక కుర్రాడికి. వడ్రంగం నేర్చుకుంటానన్నాడు. “మనది మగ్గం పని గదా బిడ్డా, ఉలి మనకెందుకు?” అంది వాళ్ల నాయనమ్మ. ఆ మాట ఆమెది మాత్రమే కాదు, తరాల అలవాటుది. పుట్టుకే పనిని నిర్ణయిస్తే ఇష్టానికీ నేర్పుకూ చోటుండదని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. నచ్చిన వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగం 19(1)(జి) అధికరణలో ఉంది. లా చదివే రోజుల్లో దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టాం. ఆ పెద్దమ్మకు మాత్రం అధికరణ వినిపించలేదు. మనవడు వేసిన అతుకును వేలితో తడిమి చూడమన్నాం.

రెండుసార్లు తడిమింది. “తెగిన పోగు అతికినట్టే అతికిండు” అంది. కాసేపాగి, “రోజుకు కూలి ఎంతిస్తరు?” అని అడిగింది.

అడగాల్సిన ప్రశ్న అదే. నేర్పే పేరుతో ఉత్త చాకిరీ చేయించుకునేవాళ్లు అన్ని పనుల్లోనూ ఉన్నారు. అందుకే కూలి ఇస్తూ నేర్పే మేస్త్రీ కోసం ఇప్పుడు వెతుకుతున్నాం. దొరికిన రోజు, ఉలి పట్టకముందే కూలీ పనిగంటలూ కాగితం మీద రాయించుకుంటాం.