ఎవరి దిద్దుబాటు?

మొవ్వ నుంచి రాత్రి పదకొండింటికి మా అక్క కూతురు ఫోన్ చేసింది. ఎం.ఏ. చదువుతోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు సెమినార్ పేపర్ ఇంగ్లీషులో రాయాలి. మన ఊరివాడే కదా అని క్షేత్రయ్య పదాలు ఎంచుకుంది. "పిన్నీ, చాట్‌జీపీటీ దిద్దింది, ఒక్కసారి చూడవా?" అంటూ రెండు ప్రతులూ వాట్సప్‌లో పంపింది.

తను రాసిందాంట్లో ఇంగ్లీషు తప్పుల తడక. కానీ ఒక పేరా దగ్గర ఆగిపోయాను. చాలా పదాల్లో మాట్లాడేది వేశ్య, మువ్వగోపాలుడు సొమ్ము తేవాల్సిన విటుడు, ఆమె బేరమాడుతుంది, దెప్పుతుంది, పొమ్మంటుంది అని రాసింది. దిద్దిన ప్రతిలో ఇంగ్లీషు నున్నగా ఉంది. వేశ్య మాత్రం లేదు. ఆమె బదులు దైవం కోసం తపించే భక్తురాలొకామె కూర్చుంది.

"గ్రామరే చూడమన్నాను పిన్నీ. అయినా అదే కరెక్టేమో అనుకున్నా."

ఆ 'ఏమో' నాకు బాగా తెలుసు. నా థీసిస్‌లో ఒక అధ్యాయం నాది కాదు. మా గైడుగారి ఇంగ్లీషు బావుంది కాబట్టి ఆయన అభిప్రాయమూ ఒప్పేననుకుని ఉంచేశాను.

యంత్రం కొత్తగా చేసిందేముంది? ఆ నాయికని జీవాత్మగా మార్చేసిన వ్యాఖ్యానాలు మనకి బోలెడు. 1994లో రామానుజన్, వెల్చేరు నారాయణరావు, షుల్మన్ తమ అనువాదాలకి 'వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్' అని పేరు పెట్టాల్సి వచ్చింది. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'కి కోతలు పడితే 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠం అచ్చు వేయించింది. దాన్ని ప్రభుత్వం నిషేధించింది. స్త్రీల మాటని శుభ్రం చేసే పని ఎప్పుడూ భాష బాగుచేసే పేరుతోనే జరుగుతుందేమో.

అలాగని వాడొద్దని ఎలా చెప్పను? అర్ధరాత్రి విసుక్కోకుండా, నవ్వకుండా తప్పు చెప్పే టీచరు తనకి ఇంకెక్కడుంది? సొంతంగా రాసినా నమ్ముతారని లేదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలని 'ఇది యంత్రం రాసిందా' అని పట్టే సాధనాలకిస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనన్నాయి!

"తిరగరాయొద్దు, తప్పెక్కడో, ఎందుకో మాత్రం చెప్పమను" అన్నాను. ఈసారి ఆర్టికల్స్, కాలాలు వరసగా చూపించింది. తనే దిద్దుకుంది. పేరా నిలిచింది.

"వేశ్యకి కోర్టిజన్ అనమంటోంది పిన్నీ. అంటే రాజుల కొలువులో ఉండేది కదా? ఈమె గుమ్మంలో నిలబడి లెక్క అడుగుతోంది."

వేశ్య అనే ఉంచి కింద వివరణ రాస్తానంది. ఆ వివరణలో ఏ మాట వాడాలో ఒంటిగంట దాకా ఇద్దరికీ తేలలేదు.