ఆగి మరల నడచు బండి

ఎల్లప్పుడు ఉండు లోపమును కనుగొనుట సులభము. విరిగిన ఇరుసు విరిగినట్లే ఉండును. చూచిన వాడెవడైనను చెప్పగలడు. ఒక గడియ కనిపించి మరు గడియ మాయమగు లోపమే మన బుద్ధికి నిజమైన పరీక్ష. మా ఇంటి పాత అంబాసిడరు కారు మాకీ సంగతిని బోధించినది.

పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన ఈ కార్లు నేడు అరుదగుచున్నవి. మా కారు అబ్బాజాన్ ముచ్చటపడి కొన్నది. ఆయనకు మూత్రపిండములు చెడినందున, వారమునకు రెండు మారులు డయాలసిస్ కొరకు నంద్యాల నుండి కర్నూలుకు సుమారు 70 కిలోమీటర్లు తీసికొనిపోవలసి వచ్చినది. మధ్యాహ్నపుటెండలో ఓర్వకల్లు సమీపించునప్పటికి కారు హఠాత్తుగా ఆగెడిది. ఇరువది నిమిషములు గడచిన పిదప ఏమియు ఎరుగనట్లు నడచెడిది. ఒకనాడు ఆ ఆలస్యము వలన నాలుగు గంటల చికిత్స రెండున్నర గంటలకే ముగిసినది. ఆ రాత్రి అబ్బాజాన్ ఊపిరి అందక కూర్చుండియే తెల్లవార్చినారు. నాటి నుండి అద్దె కారు మాట్లాడినాము. కాని లెక్చరరు జీతముతో ఆ ఖర్చు ఎన్నాళ్లు సాగును?

షెడ్డుకు తీసికొనిపోయిన ప్రతిసారియు కారు చక్కగా నడచెడిది. ఉస్తాదు డబ్బు కొరకు నాటకమాడుచున్నాడని బంధువులలో ఒకరనిరి. తుక్కుకు అమ్మివేయుడని మరియొకరనిరి. ఉస్తాదు మాత్రము ఒక్క సామానును మార్చలేదు, ఒక్క రూపాయి అడుగలేదు. "సాబ్, నడిచే బండిలో రోగం దొరకదు. ఆగినప్పుడు నేను దాని పక్కన ఉండాలి. అందాక ప్రతి సంగతీ రాసిపెట్టండి" అన్నాడు.

సెలవు దినములందు ఖాళీ కారును అదే దారిలో ఉదయమొకమారు, మధ్యాహ్నమొకమారు నడపి, గంట, దూరము, టాంకులోని పెట్రోలు ఒక నోటుపుస్తకములో వ్రాసినాము. ఆగినవన్నియు మధ్యాహ్నములే. ఉదయము అదే దూరము నడచినను ఆగలేదు. టాంకు నిండినను, సగమున్నను భేదము లేదు. దోషము వేడిమితో ముడిపడినదని తేలినది.

వేడికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియై ఇంజనుకు అందకపోవచ్చునని పలువురు చెప్పినారు. పెట్రోలు అందించు పంపుపై తడిగుడ్డ కప్పగా కారు కదలినది. కారణము దొరికినదని అందరు సంతోషించినారు. మరుసటి మారు ఉస్తాదు సలహా మేరకు గుడ్డ కప్పక ఊరక కూర్చుంటిమి. అదే ఇరువది నిమిషములకు కారు కదలినది. దీనితో పెట్రోలు నిర్దోషి అని తేలలేదు. గుడ్డ సాక్ష్యము చెల్లదని మాత్రమే తేలినది.

ఒక ఆదివారము ఉస్తాదు మాతో వచ్చినాడు. కారు ఆగిన వెంటనే కార్బురేటరు వద్ద గొట్టము విప్పి చూచినాడు, పెట్రోలు వచ్చుచున్నది. గొట్టము బిగించి, చిందినది తుడిచి, ఆరిన పిదప, వెంట తెచ్చిన ప్లగ్గును తీగకు తగిలించి ఇంజను లోహమునకు ఆనించి తాళము త్రిప్పుమన్నాడు. నిప్పురవ్వ లేదు! ఇంజను చల్లబడిన పిదప అదే ప్లగ్గులో నీలపు రవ్వ మెరిసినది.

ఇక మిగిలినవి రెండు అనుమానములు: కండెన్సరు, కాయిలు. రెండును వేడికి చెడి, చల్లబడి కోలుకొనగలవు. ఉస్తాదు రెండింటిని ఒకేసారి మార్చలేదు. మొదట కండెన్సరు మార్చినాడు. కారు మరల ఆగినది. తరువాత కాయిలు మార్చినాడు, ఆగలేదు. అంతటితో తృప్తి చెందక పాత కాయిలునే తిరిగి బిగించి నడపించినాడు. ఓర్వకల్లు వద్ద కారు ఆగినది. బ్యాటరీ ఇచ్చు 12 వోల్టులను వేల వోల్టులుగా పెంచు ఆ కాయిలులో, వయసు మీరిన సన్నని తీగ ఎక్కడనో వేడికి ఎడమై, చల్లదనమునకు కలిసికొనుచున్నదని ఉస్తాదు వివరించినాడు. తయారు చేసిన వారి తప్పు కాదు, ఎవరి మోసమును కాదు. మరుసటి వారము అబ్బాజాన్ తన కారులోనే సకాలమునకు కర్నూలు చేరినారు. ఉస్తాదును శంకించిన బంధువు, తానే పోయి అతనికి సలాము చేసి వచ్చినాడు.

విద్యార్థులారా! తరగతిలో ఒకనాడు చురుకుగా సమాధానము చెప్పి, మరునాడు మూగవోవు మిత్రుడు మీలో ఉన్నాడు. అతనిని సోమరి యనుట సులభము. అతడు ఏ దినములలో మూగవోవునో, ఆ దినములలో ఇంటి వద్ద ఏమి జరుగునో, రాత్రి ఏ పనికి పోవునో అడిగిన వారెందరు? చక్కగా ఉన్న వేళ పరీక్షించి తీర్పు చెప్పువారు చాలమంది కలరు. ఆగిన వేళ ప్రక్కన నిలుచు వారే కావలసినది. అధ్యాపకులమైన మాకును, కళాశాల సంఘమువారికిని ఈ మాట వర్తించును.