తునికి చేవ పిడి

మడవని కత్తిలో ఉండేవి రెండే: అలుగు, పిడి. అలుగు వెనుక కొస సన్నగా సాగి పిడిలోకి దిగుతుంది. ఆ దిగిన ముల్లు ఎంత పొడవైతే కత్తి అంత గట్టిది. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ నల్లమల అడవుల్లో చెంచులు వాడే కత్తి ఈ జాతిదే. వెదురు చీల్చడానికి, తీగలు తెంపడానికి, కొండచరియకు వేలాడే తేనెపట్టు కోయడానికి అదొక్కటే సరిపోతుంది. చెంచుల గురించి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వెలువడింది. అప్పటికి వారి సామగ్రిలో విల్లు, బాణాలు, గొడ్డలి, గడ్డలు తవ్వే కర్రతో పాటు కత్తి కూడా ఉంది. వారికి కొలిమి పని లేదు. ఇనుము కొండ కింది ఊళ్ళ నుంచే రావాలి.

అలుగు సంగతి త్వరగానే తేలుతుంది. నేటి పల్లె కమ్మరి ఎక్కువగా వాడేది పాత లారీ కమాన్ పట్టా. దాన్ని కాల్చి, సాగగొట్టి, వాదర తీసి, నీళ్ళలోనో నూనెలోనో ముంచితే ఉక్కు బిరుసెక్కుతుంది. ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించేవారు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారని 1832లో అచ్చయిన, భూవిజ్ఞాని హెన్రీ వోయ్‌సీ వ్యాసం వల్ల తెలుస్తుంది. ఆ ఉక్కు మీద పుస్తకాలు, పరిశోధనలు కొల్లలుగా వచ్చాయి. చేతికి తగిలే పిడిని మాత్రం పట్టించుకున్నవారు తక్కువ. కత్తి వివరాలు రాసేవారు అలుగు పొడవు, చార, పదును ఒక పేజీ నింపుతారు. పిడి దగ్గరికి వచ్చేసరికి ‘కర్ర’ అని ఒక్క మాటతో సరిపెడతారు. ఏ కర్ర? ఆ ప్రశ్నకు జవాబు రాయని వివరం సగం వివరమే.

పిడికి కొమ్ము వాడే అలవాటు పాతది. ఇక్కడే ఒక పొరపాటు ఊరూరా పాకింది. దొరికిన ప్రతి కొమ్మునూ ‘జింక కొమ్ము’ అనేస్తారు. నారాయణపేట వైపు కంది చేలల్లో మందలుగా గెంతే కృష్ణజింక కొమ్ము మెలి తిరిగి ఉంటుంది, లోపల ఎముక, పైన గోరు లాంటి తొడుగు, జీవితాంతం రాలదు. చుక్కల దుప్పి, కణుజు కొమ్ములు అసలు కొమ్ములే కావు. అవి కొమ్మలు వేసిన ఎముకలు, ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. పనితనమూ వేరు: ఎముకను ఆకురాయితో అరగదీయాలి, గోరు తొడుగును వేడి చేసి వంచవచ్చు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఈ జంతువుల కొమ్ముల వ్యాపారం నేరం. బర్రె కొమ్ముకు ఆ అడ్డు లేదు. దాని కొన గట్టిగా, నల్లగా ఉండి మంచి పిడి అవుతుంది.

అయితే నల్లమలలో కొమ్మును మించిన నలుపు ఉంది. అది తునికి చేవ. తునికి అంటే జనానికి బీడీ ఆకు గుర్తుకొస్తుంది, వేసవిలో తియ్యటి పండు గుర్తుకొస్తుంది. ఆ చెట్టు నడుమ నల్లటి చేవ ఉంటుందనీ, అది ఎబొనీ జాతి కలప అనీ తెలిసినవారు తక్కువ. సామర్లకోటలో మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో 1795లో దీన్ని వర్ణించి, గ్రీకులో ‘నల్ల కలప’ అనే అర్థం వచ్చే మాటను పేరులో పెట్టాడు. ఆయన చూసింది ఆకును కాదు, చేవను.

చేవ పట్టడానికి ఏళ్ళు పట్టాలి. లేత మాను అంతా పాలిపోయిన గులాబీ రంగే. పెద్ద చెట్టులోనూ నలుపు సమంగా ఉండదు, ఒకచోట వేలంత, ఒకచోట పిడికిలంత. ఆకు కోసం ఏటా మాఘ ఫాల్గుణాల్లో కొమ్మ కొడతారు. ఎండాకాలంలో లేత ఆకు తెంపి, 50 ఆకుల కట్టలు కట్టి కల్లంలో ఆరబెడతారు. ఆ పని వేల కుటుంబాలకు కూడు పెడుతుంది, దాన్ని తప్పుపట్టే పని లేదు. కానీ ఏటేటా నరికిన పొద పొదగానే ఉండిపోతుంది, దాని నడుమకు నలుపు రాదు. చేవ ఉన్న మాను ఎక్కడైనా మిగిలిందంటే కొమ్మ కొట్టేవాడి చేయి దాన్ని విడిచిపెట్టిందన్నమాట.

పచ్చి చేవతో పిడి చేస్తే ఎండకు నెర్రెలిస్తుంది. ముక్క కొసలకు మైనం పూసి, నీడలో కొన్నేళ్ళు ఆరనివ్వాలి. మామూలు కర్రకైతే ఎర్రగా కాల్చిన ముల్లును నేరుగా గుచ్చుతారు. గుప్పున పొగ లేస్తుంది, కర్ర లోపల మాడి తనంతట తానే దారి ఇస్తుంది. తునికి చేవకు ఆ మోటు పనికిరాదు, వేడికి చీలిపోతుంది. ముందు బర్మాతో రంధ్రం తొలవాలి, పిడి ముందు కొసకు ఇత్తడి పొన్ను తొడగాలి. తర్వాత రంధ్రంలో లక్కపొడి పోసి, లక్క కరిగేంత వేడెక్కిన ముల్లును నెమ్మదిగా దించాలి. లక్క కరిగి చుట్టూ పొంగుతుంది. అంచున ఒక ఎర్రటి చుక్క పైకి తేలినప్పుడు చేయి ఆపాలి. చల్లారాక ఆ చుక్క గీకేస్తే పొన్నుకూ కర్రకూ మధ్య వెంట్రుకంత సందు కూడా కనిపించదు.

ఖరీదైన పిడులు కావాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నాయి. జేడ్ వస్తువుల మధ్య జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకున్న కత్తి చూడవచ్చు. అవి చేతికి అందవు, అద్దం వెనుక ఉంటాయి. అందే కత్తిని సేకరించేవారు ఆయుధ నిబంధనలు గుర్తుంచుకోవాలి. అలుగు 9 అంగుళాలకు మించినా, 2 అంగుళాల కన్నా వెడల్పయినా అది ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి పనికి, సేద్యానికి చేసినవాటికి మినహాయింపు ఉంది.

తునికి పిడికి వార్నిష్ అక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు నువ్వుల నూనె చుక్క రాసి గుడ్డతో తుడిస్తే చాలు. వాడేకొద్దీ బొటనవేలు ఆనేచోట నునుపు తేలుతుంది. అలుగు సాన పట్టీ పట్టీ దర్భపుల్లంత అయ్యాక పిడిని పారేయరు. నిప్పు సెగకు పట్టి లక్క కరిగించి, పాత ముల్లు ఊడదీసి, అదే పిడిలోకి కొత్త అలుగు దించుతారు.