కనబడని ఆకుపచ్చ తీగ

ఒకప్పుడు మన పల్లెల్లో స్నానానికి వేణ్నీళ్లు కావాలంటే కాగు కింద కట్టెలు పెట్టవలసిందే. ఇప్పుడు అనేక ఇళ్లలో గీజరు మీట నొక్కితే చాలు. ఆ మీట వెనుక ఏముండాలో మా ఇంట్లో గీజరు మార్చినప్పుడు తెలుసుకున్నాము.

మాది బోరు నీరు. ఆ చవుటి నీటికి లోపల సున్నంలా పొర పేరుకుంది, తొట్టి తుప్పుపట్టి కారసాగింది. ఆ వారంలోనే మా అమ్మగారు, "కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందిరా" అన్నారు. పెద్ద వయస్సు తిమ్మిరి అనుకోక, వెంటనే మెయిన్ ఆపివేశాము.

15 లీటర్ల కొత్త గీజరు తెచ్చి మేమే బిగించాము. నీటి వాల్వు కట్టి, పాతదానిలోని నీళ్లు వదిలేసి, ఇద్దరం పట్టి కొక్కేల మీదనుండి దించాము. కొత్తదానికి నీలం గుర్తు దగ్గర చన్నీళ్ల గొట్టం, ఎర్ర గుర్తు దగ్గర వేణ్నీళ్ల గొట్టం తగిలించి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టాము. చన్నీళ్ల వైపు సేఫ్టీ వాల్వు పెట్టాము. లోపల ఒత్తిడి పెరిగితే నీటిని బయటకు వదిలేది అదే. చుక్కలు పడుతున్నాయని దానిని మూయకూడదు. తొట్టి నిండి, వేడి కుళాయిలో నీరు ధారగా వచ్చేవరకు కరెంటు ఇవ్వకూడదు. ఖాళీ తొట్టిలో ఎలిమెంటు కాలిపోతుంది.

ఇక మిగిలింది సాకెట్టు. 2000 వాట్ల గీజరుకు 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్టు కావాలి. మా గోడకు ఉన్నది అదే. విప్పి చూస్తే, లావు పిన్నుకు రావలసిన ఆకుపచ్చ ఎర్తు తీగ లేనే లేదు! ఇల్లు కట్టిననాడు వైరింగు చేసినవారు రెండు తీగలే లాగారు. ఆ రెండింటితోనే పన్నెండేళ్లు నీళ్లు చక్కగా కాగాయి గనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఎలిమెంటు చెడి కరెంటు నీటిలోకి దిగిన రోజున, అది భూమిలోకి పోయే దారి లేక మా అమ్మగారి చేతిని వెదికింది.

అక్కడితో మేము ఆగిపోయాము. ఎర్తు గుంట తీయడం, తీగ లాగడం మా చేతి పని కాదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ పని చేయించాము. కరెంటు దారి తప్పితే రెప్పపాటులో సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించాము. ఆ నాలుగు రోజులూ మళ్లీ కట్టెల పొయ్యే.

బలిపీఠము కొలతలు చెప్పిన దేవుడే ఇంటి కప్పు అంచును గురించి కూడా మాట్లాడాడు. క్రొత్త ఇల్లు కట్టేవాడు, పైనుండి ఎవరూ పడి చనిపోకుండా పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ ఉన్నది. పిట్టగోడ వలన ఇంటికి గది పెరగదు. ఎర్తు తీగ వలన నీళ్లు త్వరగా కాగవు. రెండూ ఇంకొకరి ప్రాణము కొరకే.

ప్రియులారా, చలికాలం రాకముందే మీ ఇంటి సాకెట్టు వెనుక ఆ తీగ ఉన్నదో లేదో తెలిసినవారిచేత చూపించండి. కుళాయి జివ్వుమన్నదని పసివారు చెప్పినా ముసలివారు చెప్పినా నమ్మండి. ప్రభువు మీ గృహములను కాపాడును గాక.