మణి వెల

శమంతకోపాఖ్యానం పాఠం చెప్పే రోజున మా విద్యార్థులలో ఎవరో ఒకరు 'అవతార్' చిత్రాన్ని ప్రస్తావించడం పరిపాటి. ఆ పోలిక నాకూ ఇష్టమే. 2009లో జేమ్స్ కామెరాన్ నిర్మించిన ఆ చిత్రానికి మూలం 'అనబ్టేనియం' అనే కల్పిత ఖనిజం. పొందశక్యం కానిదని ఆ మాటకు అర్థం. దొరకని పదార్థానికి ఇంజనీర్లు పరిహాసంగా పెట్టుకొన్న పేరది. పండోరా అనే ఉపగ్రహంలో లభించే ఆ రాయి కిలో రెండు కోట్ల డాలర్లు పలుకుతుంది. దానికోసం ఒక సంస్థ, నావీ జాతివారు నివసించే మహావృక్షాన్ని నేలగూల్చుతుంది.

మన శమంతకమూ ఇటువంటి కల్పనయే. సూర్యుడు ప్రసాదించిన ఆ మణి దినానికి ఎనిమిది బారువుల బంగారాన్నిచ్చేది. దానిని ధరించి సత్రాజిత్తు ద్వారకకు రాగా, ఆ తేజస్సుకు పురజనులు సూర్యుడే వచ్చాడని భ్రమపడ్డారు. అది పూజలందుకొనే చోట కరవు, రోగాలు ఉండవని భాగవతం చెబుతున్నది. సంపద, కాంతి, క్షేమం ఒక్క రాతిలో ఇమిడాయి.

రాతికి మహిమను కల్పించడం కవికి సులభం. ఆ మహిమ ముందు మనిషి ఎట్లా ప్రవర్తిస్తాడో చూపడంలోనే కథకు బలం. ఉగ్రసేనునికోసం కృష్ణుడు మణిని అడిగితే, సత్రాజిత్తు ధనాశతో కాదన్నాడు. పూజాగృహంలో ఉన్నంతకాలం మేలుచేసిన మణి, ప్రసేనుని మెడకెక్కి అడవికేగగానే మరణహేతువైంది. నింద కృష్ణునిపై పడింది. వినాయక చవితినాడు అక్షతలు చేతబట్టి మనం వినే నీలాపనింద కథ ఇదే.

కృష్ణుడు జాంబవంతునితో ఇరువదెనిమిది దినాలు పోరి మణిని సాధించాడు. నిండుసభలో సత్రాజిత్తుకే అప్పగించాడు. సత్రాజిత్తు సిగ్గుపడి సత్యభామతోపాటు మణినీ ఇవ్వజూపగా, కన్యను స్వీకరించి మణిని అతనికే విడిచిపెట్టాడు. లాక్కొనగల బలముండీ తిరిగి ఇచ్చివేయడం ఆ కథలోని ఔన్నత్యం. పండోరాకు వెళ్ళిన సంస్థకు బలమున్నది గాని ఆ నిగ్రహం లేదు.

ఏదైనా ఒక ఖనిజమే ధనమూ ఇంధనమూ అయిన లోకాన్ని ఊహించండి. అక్కడ ఒకడు దాచుకొన్న ప్రతి రాయీ మరొక ఇంట వెలగని దీపమే. అందుచేత ఇటువంటి కథ చదివినపుడు రాతి వెల తెలుసుకొని ఊరుకోవద్దు. అది ఎవరి నేలలో ఉన్నదో, ఎవరి అనుమతితో త్రవ్వుతున్నారో కూడా అడగండి.